ముంచినవాళ్ల లెక్కలు - మునిగినవాళ్ల చరిత్ర

జలాంతర్గామి గురించి తెలుగులో వచ్చే రాతలు చాలావరకు ఒకే మూసలో ఉంటాయి. చీకటి సముద్రం, పెరిస్కోపు అద్దంలో శత్రునౌక, కమాండరు పళ్లు బిగించి ఇచ్చే ఆజ్ఞ, టార్పెడో, పేలుడు. ఆ తరువాత ఒక పట్టిక: ఏ బోటు ఎన్ని ఓడలు ముంచింది, ఎన్ని టన్నులు ముంచింది, దాని వేగం ఎంత, ఎంత లోతుకు వెళ్లగలదు. పాఠకుడు యుద్ధచరిత్ర చదివాననుకుంటాడు. నిజానికి అతను చదివింది ఒక ఆయుధానికి రాసిన ప్రశంసాపత్రం. రాసినవాడికి హిట్లరంటే అభిమానం లేకపోవచ్చు. హిట్లరును తిడుతూనే అతని జలాంతర్గాములను ఆరాధించే రచన కూడా సాధ్యమే, అలాంటిది వస్తోంది కూడా. కాబట్టి రచయిత ఉద్దేశం ఏమిటన్నది పక్కనపెట్టి, అతను ఏ సాక్ష్యాన్ని నమ్మాడు, ఎవరి లెక్కను తన లెక్కగా తీసుకున్నాడు అన్నది పరిశీలించాలి.

మార్కాపురంలోనో గిద్దలూరులోనో కూర్చుని జర్మన్ జలాంతర్గాముల మీద పరిశోధన ఏమిటని నవ్వేవాళ్లు ఉంటారు. సముద్రం మనకు వంద కిలోమీటర్ల అవతల. మన కళ్లెదుట ఉన్నవి నల్లమల, మెట్ట పొలాలు, పలకరాతి గనులు. కాని ఈ వ్యాసం ప్రత్యేకించి ఈ ప్రాంతపు యువరచయితలనూ, సాహిత్య విద్యార్థులనూ ఉద్దేశించి రాస్తున్నదే. సముద్రగర్భంలో జరిగిన యుద్ధపు చరిత్రను ఎలా రాశారో, ఎలా రాయలేదో తెలుసుకుంటే, మన గనుల చరిత్రను, మన వలసల చరిత్రను ఎలా రాయకూడదో తెలుస్తుంది.

1

ముందుగా లెక్కల సంగతి చూద్దాం. రెండవ ప్రపంచయుద్ధంలో జర్మన్ కమాండర్ల ఘనతను ముంచిన టన్నులతో కొలిచారు. ఒట్టో క్రెచ్‌మర్ లాంటివాళ్లకు వచ్చిన బిరుదులూ, పతకాలూ ఆ టన్నుల మీద వచ్చినవే. ఇప్పటికీ యుద్ధకథలు రాసేవాళ్లు ఆ కొలమానాన్నే పట్టుకుని వేలాడుతున్నారు. కాని ఓడల విషయంలో ఈ టన్ను బరువుకు కొలత కానే కాదు. ఓడలోపలి చోటుకు కొలత. వంద ఘనపు అడుగుల చోటు ఒక టన్ను. అంటే ఓడ యజమానికీ, బీమా కంపెనీకీ పనికివచ్చే వ్యాపారపు లెక్క అది. ఆ చోటులో బొగ్గు ఎత్తినవాడు ఉన్నాడా, వంట చేసినవాడు ఉన్నాడా, పసిపిల్లను ఎత్తుకున్న తల్లి ఉన్నదా అన్నది ఆ లెక్కకు అక్కరలేదు. యుద్ధచరిత్ర ఈ లెక్కను అరువు తెచ్చుకున్నప్పుడు దానితోపాటు ఆ చూపును కూడా అరువు తెచ్చుకుంది.

పోనీ ఆ టన్నులైనా నిజమా? కమాండర్లు పెరిస్కోపులోంచి చీకటిలో చూసి, పేలుడు చప్పుడు విని, ఇంత పెద్ద ఓడ మునిగిందని రాసుకున్నారు. యుద్ధం తరువాత రెండు పక్షాల కాగితాలనూ పక్కపక్కన పెట్టి పోల్చి చూసినప్పుడు చాలా చోట్ల లెక్క తగ్గింది. యుర్గెన్ రోవర్ లాంటి జర్మన్ చరిత్రకారులు ఏళ్లతరబడి చేసిన పని ఇదే: ఒక్కొక్క దాడిని తీసుకుని, తేదీనీ, చోటునూ, ఓడ పేరునూ సరిచూడడం. ఈ పనికి పేరు రాదు, సినిమా రాదు. కాని చరిత్ర నిలబడేది ఇలాంటి పని మీదే.

2

ఈ చరిత్రకు ఆధారమైన కాగితాల పుట్టుక కూడా తెలుసుకోదగ్గది. ప్రతి జర్మన్ జలాంతర్గామికీ ఒక యుద్ధ దినచర్య ఉండేది. ఎక్కడ ఉన్నాం, గాలి ఎటు, అలలు ఎలా ఉన్నాయి, ఏమి చూశాం, ఏమి పేల్చాం అన్నవి గంటలవారీగా అందులో రాసేవారు. బోటు తిరిగివచ్చాక ఆ దినచర్య పైఅధికారులకు చేరేది. 1945లో జర్మనీ కూలిపోతున్నప్పుడు నౌకాదళపు దస్తావేజులు బవేరియాలోని టాంబాఖ్ కోటలో ఉన్నాయి. వాటిని తగలబెట్టవద్దని నౌకాదళ నాయకత్వమే నిర్ణయించుకుంది. మేము సైనికధర్మం ప్రకారం పోరాడాం, దాచుకోవలసింది మాకేమీ లేదు అన్నది వాళ్లు లోకానికి చూపదలచుకున్న ముఖం. కాగితాలు మిత్రపక్షాల చేతికి చిక్కాయి, లండన్ చేరాయి, సూక్ష్మచిత్రాలుగా మారాయి, చివరకు తిరిగి జర్మనీకి వెళ్లాయి.

ఇక్కడ ఒక విచిత్రం జరిగింది. ఆ కాగితాల ఆధారంగా అట్లాంటిక్ జలాంతర్గామి యుద్ధచరిత్రను బ్రిటిష్ నౌకాదళం కోసం రాసినవాడు గ్యుంటర్ హెస్లర్. ఇతను జలాంతర్గామి కమాండరు. అంతకుమించి, జర్మన్ జలాంతర్గామి దళాధిపతి కార్ల్ డోనిట్జ్‌కు అల్లుడు. న్యూరెంబర్గ్ న్యాయస్థానం మామకు పదేళ్ల శిక్ష వేసింది. అల్లుడి చేత విజేతలు చరిత్ర రాయించుకున్నారు. విజేతకు ఓడినవాడి యుద్ధతంత్రం కావాలి, ఓడినవాడికి తన వృత్తిగౌరవం కావాలి. ఇద్దరి అవసరమూ ఒకచోట కలిసింది. ఆ రచన సామాన్య పాఠకులకు అచ్చులో దొరికింది 1989లో. డోనిట్జ్ కూడా 1958లో తన జ్ఞాపకాలు ప్రచురించుకున్నాడు. కమాండరు, కమాండరు మామ, కమాండరును ఓడించిన మరో కమాండరు: చాలాకాలం జలాంతర్గామి చరిత్ర వీళ్లు తమలో తాము మాట్లాడుకున్న మాట.

రెండవవైపు దాచిన సంగతి మరొకటి. బ్రిటన్ తరఫున అధికారిక సముద్రయుద్ధ చరిత్రను స్టీఫెన్ రోస్కిల్ 1954 నుంచి 1961 మధ్య ప్రచురించాడు. ఎంతో శ్రమతో రాసిన గ్రంథం అది. కాని జర్మన్ రహస్యలిపిని బ్రిటిష్‌వాళ్లు ఛేదించి, జలాంతర్గాములకు వెళ్లే ఆజ్ఞలను చదువుకున్నారన్న సంగతి అందులో లేదు. అది ప్రభుత్వ రహస్యం. 1974లో ఆ ముచ్చట బయటపడిన తరువాత అంతకుముందు వచ్చిన చరిత్రలన్నిటినీ మళ్లీ చదవవలసివచ్చింది. ఫలానా రాత్రి ఓడలబారు దారి మార్చుకుని తప్పించుకుందంటే, అది కెప్టెను చాతుర్యమా, అదృష్టమా, లేక గదిలో కూర్చుని గుప్తలిపి విప్పినవాళ్ల పనా? ఇరవై ఏళ్లపాటు వీరత్వం ఖాతాలో రాసినదాన్ని వేరే ఖాతాకు మార్చవలసివచ్చింది. చరిత్ర రచనలో ఆధారం ఎంత ముఖ్యమో, ఆధారం మీద కూర్చున్న అధికారం ఎవరిది అన్న ప్రశ్న అంత ముఖ్యం.

ఇక కాగితాన్ని సముద్రమే తప్పుపట్టిన ఉదాహరణ ఒకటుంది. యు-869 అనే జలాంతర్గామి 1945 ఫిబ్రవరిలో మొరాకో తీరం దగ్గర మునిగిపోయిందని అధికారిక రికార్డులు నిశ్చయంగా చెప్పాయి. 1991లో అమెరికాలోని న్యూజెర్సీ తీరానికి దూరంగా, సుమారు 70 మీటర్ల లోతులో, పేరు తెలియని జర్మన్ జలాంతర్గామి ఒకటి గజ ఈతగాళ్లకు కనిపించింది. అక్కడ ఏ జలాంతర్గామీ మునిగినట్టు ఏ దస్త్రంలోనూ లేదు. ఆరేళ్లు శోధించారు. ఆ శోధనలో ముగ్గురు ఈతగాళ్లు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చివరకు 1997లో లోపల దొరికిన ఒక పెట్టె మీది చిన్న రేకుముక్క ఆ బోటు యు-869 అని తేల్చింది. సముద్రానికి ఈ ఒడ్డున ఉన్నదాన్ని ఆ ఒడ్డున ఉన్నట్టు యాభై ఏళ్లు నమ్మారు. విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసే మన విద్యార్థులు, ప్రభుత్వ ముద్ర ఉన్న కాగితం దొరకగానే పరిశోధన పూర్తయిందనుకోకుండా ఉండడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

3

సాహిత్యం ఈ చరిత్రతో ఏం చేసింది? 1995లో మైకేల్ హ్యాడ్లీ జర్మన్ జనాదరణ సాహిత్యంలో జలాంతర్గామి చిత్రణ మీద ఒక గ్రంథం రాశాడు. మొదటి ప్రపంచయుద్ధం నుంచీ నవలలు, స్మృతులు, పత్రికారచనలు కలిసి జలాంతర్గామి నావికుణ్ణి ఒక పురాణపురుషుడిగా ఎలా తయారుచేశాయో అందులో చూపాడు. ఆ పురాణాన్ని బద్దలు కొట్టడానికి ప్రయత్నించిన రచన లోథార్ గ్యుంటర్ బుఖ్‌హైమ్ నవల 'దాస్ బూట్', అంటే 'పడవ'. 1973లో వచ్చింది. బుఖ్‌హైమ్ 1941లో యుద్ధ విలేఖరిగా యు-96లో ప్రయాణం చేసినవాడు. చెమట, బూజుపట్టిన రొట్టె, భయం, విసుగు అందులో ఉన్నాయి. 1981లో వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ దాన్ని సినిమాగా తీశాడు. నవలాకారుడు మాత్రం ఆ సినిమాతో తృప్తిపడలేదు. తన యుద్ధవ్యతిరేకతను ఉత్కంఠ మింగేసిందన్నది అతని ఫిర్యాదు.

ఫాసిస్టు సైన్యంలోని మనిషిని మనిషిగా చూపడం ఫాసిజాన్ని కడిగివేయడమేనా? ఇది మన విమర్శకులు ఎదుర్కోవలసిన ప్రశ్న. కాదని నా అభిప్రాయం. జర్మన్ జలాంతర్గాములలో పనిచేసిన సుమారు 40 వేలమందిలో దాదాపు 30 వేలమంది తిరిగిరాలేదు. ఇరవై ఏళ్ల కుర్రవాళ్లు. ఏ సైనిక విభాగంలోనూ ఇంత చావు అరుదు. వాళ్లను ఇనుప గొట్టంలో పెట్టి చంపిన రాజ్యాన్ని చూపాలంటే వాళ్ల భయాన్ని చూపక తప్పదు. లోపం అక్కడ లేదు, మరోచోట ఉంది. ఆ సినిమాలో టార్పెడో దెబ్బ తిన్న చమురు ఓడ మీదినుంచి మంటల్లో దూకి, ఈదుకుంటూ వస్తున్న మనుషులను చూసి జలాంతర్గామి వెనక్కు తగ్గే ఘట్టం ఉంది. సినిమాలోకెల్లా నిజాయితీ గల ఘట్టం అదే. అయినా ఆ ఈదేవాళ్లను మనం బోటు మీదినుంచే చూస్తాం. వాళ్లకు పేరు లేదు, మాట లేదు. కమాండరు మనస్సును కలచివేయడం వరకే వాళ్ల పాత్ర. యుద్ధవ్యతిరేక కళ కూడా ఎక్కడ నిలబడి చూస్తున్నదో అడగాలి. దృక్పథం అంటే అభిప్రాయం ఒకటే కాదు, కెమెరా ఏ ఓడ మీద ఉన్నది అన్నది కూడా.

ఆ బోట్లను కట్టినవాళ్ల సంగతి ఇంకా వెనకబడింది. బ్రెమెన్ దగ్గర ఫార్గెలో కొత్త రకం జలాంతర్గాములను నిర్మించడానికి 'వాలెంటీన్' అనే బ్రహ్మాండమైన కాంక్రీటు కట్టడం తలపెట్టారు. దాన్ని కట్టింది నిర్బంధ శిబిరాల ఖైదీలు, యుద్ధఖైదీలు, బలవంతంగా పట్టుకొచ్చిన కూలీలు. వెయ్యిమందికి పైగా అక్కడ చచ్చిపోయారు. అక్కడినుంచి ఒక్క జలాంతర్గామి కూడా సముద్రంలోకి రాలేదు. సాంకేతిక ప్రతిభను పొగిడే పుస్తకాలు ఆ కొత్త బోటు వేగం ఎంతో చెబుతాయి. సిమెంటు బస్తా కింద కూలబడ్డవాడిని చెప్పవు.

మన తెలుగు సంగతికి వస్తే, మన సముద్రం ఒడ్డునే ఒక కథ ఉంది. 1971 డిసెంబరు 3-4 రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖపట్నం దగ్గర మునిగిపోయింది. తమ నౌక రాజ్‌పుత్ దాడిలో మునిగిందని భారత నౌకాదళం, తాను పరిచిన మందుపాతరలే పేలి మునిగిందని పాకిస్తాన్ చెబుతూ వచ్చాయి. అందులో ఒక్కడూ బతకలేదు. 2017లో సంకల్ప్‌రెడ్డి దర్శకత్వంలో వచ్చిన 'ఘాజీ' సినిమాలో మాత్రం ఒక భారత జలాంతర్గామి నీటి అడుగున ఘాజీతో తలపడి ముంచుతుంది. రెండు దేశాల వాదనల్లో దేనిలోనూ లేని మూడో కథ అది. ఆ సినిమాకు తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ బహుమతి వచ్చింది. కల్పన చేసే హక్కు కళాకారుడికి ఉంది. కాని విశాఖ కడలి ఒడ్డున 2002 నుంచి ప్రదర్శనశాలగా ఉన్న కుర్సురా జలాంతర్గామిని చూడటానికి వెళ్లిన పిల్లవాడు ఆ సినిమానే చరిత్రగా చెబుతుంటే, ఆ కల్పన పక్కన ఆధారాల చర్చను పెట్టడం విమర్శకుడి బాధ్యత అవుతుంది.

4

జర్మన్ జలాంతర్గామి చరిత్రలో తెలుగు నేలకు నేరుగా సంబంధించిన ఘట్టం ఒకటి ఉంది. 1943 ఫిబ్రవరి రెండవ వారంలో జర్మనీలోని కీల్ రేవు నుంచి యు-180 బయలుదేరింది. అందులో సుభాస్ చంద్రబోస్ ఉన్నాడు. ఆయన వెంట ఉన్న ఒకే ఒక భారతీయుడు హైదరాబాదువాడు, ఆబిద్ హసన్. 1911లో పుట్టి, ఇంజనీరింగు చదువుకోవడానికి జర్మనీ వెళ్లి, చదువు వదిలి బోస్ వెంట నడిచినవాడు. తరువాత ఆజాద్ హింద్ ఫౌజుతో ఇంఫాల్ వైపు నడిచాడు, స్వతంత్ర భారతదేశానికి రాయబారిగా పనిచేశాడు, 1984లో హైదరాబాదులోనే కన్నుమూశాడు. 'జైహింద్' నినాదం అతనిదేనని ప్రతీతి.

యు-180 బ్రిటన్‌కు ఉత్తరంగా చుట్టి, అట్లాంటిక్ దిగి, ఆఫ్రికా కొనను దాటింది. 1943 ఏప్రిల్ 18న 'కార్బిస్' అనే బ్రిటిష్ చమురు ఓడను ముంచింది. ఏప్రిల్ 28న మడగాస్కర్ సముద్ర ప్రాంతంలో, అలల మధ్య రబ్బరు తెప్ప మీద బోస్, హసన్ జపాన్ జలాంతర్గామి ఐ-29లోకి మారారు. జపాన్‌వైపు నుంచి సుమారు రెండు టన్నుల బంగారం జర్మన్ బోటులోకి వెళ్లింది. మే 6న ఐ-29 సుమత్రా దగ్గరి సబాంగ్ చేరింది. హసన్ తరువాతి కాలంలో చెప్పిన జ్ఞాపకాలే లేకపోతే ఈ ప్రయాణంలో మనిషి జాడ మనకు దొరికేది కాదు. డీజిలు కంపు పట్టిన ఆ ఇరుకులో బోస్ తన పుస్తకానికి సవరణలు చెబుతుంటే హసన్ రాసుకున్నాడు. బోటు దినచర్య అక్షాంశ రేఖాంశాలు చెబుతుంది. ఈ సంగతి చెప్పడానికి ఒక హైదరాబాదీ కావలసివచ్చింది.

ఇంతవరకూ సాహసగాథ. ఇంతవరకే మన పిల్లల పుస్తకాలు చెబుతాయి. ఇక పరిశోధన మొదలుకావలసింది ఇక్కడే.

ఐ-29 ఎక్కడినుంచి వచ్చింది? అంతకు అయిదు నెలల ముందు ఏం చేసింది? 1942 నవంబరు 20న 'తిలావా' అనే ప్రయాణికుల ఓడ బొంబాయి నుంచి తూర్పు, దక్షిణ ఆఫ్రికా రేవులకు బయలుదేరింది. అందులో మొత్తం 958 మంది. ఎక్కువమంది భారతీయులు: ఆఫ్రికాలో దుకాణాలు పెట్టుకున్నవాళ్లు, పనికి వెళుతున్నవాళ్లు, భర్తల దగ్గరకు వెళుతున్న ఆడవాళ్లు, పిల్లలు, ఓడ పనివాళ్లు. నవంబరు 23న సెషెల్స్ దీవులకు ఈశాన్యంగా చాలా దూరంలో ఐ-29 దాన్ని టార్పెడోతో కొట్టింది. ఓడ వెంటనే మునగలేదు. కొందరు తిరిగి ఎక్కారు. రెండవ టార్పెడో వచ్చింది. 280 మంది చచ్చిపోయారు. మిగిలినవాళ్లను రెండు రోజుల తరువాత బ్రిటిష్ యుద్ధనౌక బర్మింగ్‌హామ్ వచ్చి ఎక్కించుకుంది.

అదే జలాంతర్గామి. అదే లోహం. నవంబరులో 280 మంది సామాన్య ప్రయాణికులనూ, పనివాళ్లనూ ముంచింది. ఏప్రిల్‌లో భారత స్వాతంత్ర్యం కోసం ప్రాణాలకు తెగించినవాణ్ణి ఎక్కించుకుంది. ఈ రెండు వాక్యాలూ ఒకే పేజీలో ఉన్న తెలుగు పుస్తకం నాకు కనిపించలేదు. ఒక వాక్యం దేశభక్తి గాథలో ఉంటుంది. మరో వాక్యం ఓడల జాబితాలో ఉంటుంది. రెండిటినీ కలపడం బోస్‌ను కించపరచడానికి కాదు. ఆయనకు ఆ సంగతి తెలుసా లేదా అన్నదీ ఇక్కడి ప్రశ్న కాదు. వలసపాలకుణ్ణి ఎదిరించడానికి ఫాసిస్టు రాజ్యాల వాహనం ఎక్కవలసివచ్చిన చారిత్రక వైరుధ్యం ఇంత బరువైనదని తెలియజెప్పడానికి. ఆ బరువు చూపకుండా రాసిన గాథ బోస్‌ను కూడా చిన్నవాణ్ణి చేస్తుంది. ఆయన తీసుకున్న నిర్ణయం ఎంత కష్టమైనదో పాఠకుడికి తెలియకుండా పోతుంది.

అభ్యుదయ రచయితల వైపునుంచి చూసినా ఈ లెక్క తేలవలసిందే. యు-180 ప్రయాణంలో ఉన్న రోజుల్లోనే, అదే 1943 ఫిబ్రవరిలో, తెనాలిలో అభ్యుదయ రచయితల సంఘం తొలి మహాసభ జరిగింది. ఫాసిజాన్ని ఓడించడమే సంస్కృతికి తక్షణ కర్తవ్యమన్నది ఆనాటి అభ్యుదయ శిబిరపు ఆలోచన. ఆ ఆలోచన సరైనదే. కాని యుద్ధాన్ని ప్రజాయుద్ధమన్న కమ్యూనిస్టు పత్రికలు బోస్‌ను ఫాసిస్టుల చేతి కీలుబొమ్మగా చిత్రించాయి. ఆ అంచనా తప్పని తరువాతి కాలంలో కమ్యూనిస్టు నాయకులే బహిరంగంగా అన్నారు. ఒక పక్షం ఆయన్ను బొమ్మను చేసింది, మరో పక్షం విగ్రహం చేసింది. రెండు పక్షాల వాదులాటలోనూ తిలావా ప్రయాణికుడు లేడు. ఫాసిస్టు టార్పెడోకు చచ్చిపోయిన భారతీయ శ్రామికుడి కథ అభ్యుదయవాదులకైనా కావలసింది కదా! అదీ రాయలేదు.

తిలావాలో సరుకు కూడా ఉంది: 2,364 వెండి కడ్డీలు. దక్షిణాఫ్రికా ప్రభుత్వం నాణేల కోసం కొనుక్కున్నది. 2017లో ఒక కంపెనీ సముద్రం అడుగునుంచి ఆ వెండిని పైకి తీసింది. ఎవరిదన్న తగవు బ్రిటన్ సుప్రీం కోర్టు దాకా వెళ్లి 2024లో తీర్పు వచ్చింది. ఎనభై ఏళ్ల తరువాత కూడా కడ్డీల లెక్క ఒక్కటీ తప్పలేదు. చచ్చిపోయిన 280 మందికి బొంబాయిలో స్మారక సభ జరగడానికి 2022 నవంబరు దాకా పట్టింది. అదీ వాళ్ల వారసులు పూనుకుంటే. పెట్టుబడి తన వస్తువును ఎంత జాగ్రత్తగా గుర్తుపెట్టుకుంటుందో, తన మనిషిని ఎంత సులువుగా మరిచిపోతుందో చెప్పడానికి సిద్ధాంత గ్రంథం అక్కరలేదు. ఈ రెండు తేదీలు చాలు.

ఇది ఒక్క ఓడ విషయం కాదు. బ్రిటిష్ వాణిజ్య నౌకల్లో బొగ్గు పారపట్టే చోట, వంటశాలలో, డెక్కు మీద పనిచేసిన లస్కర్లు వేలకు వేలు. సిల్హెట్, నోవాఖలీ, కొంకణం, గుజరాత్ తీరాలనుంచి వెళ్లినవాళ్లు ఎక్కువ. తెల్ల నావికుడి జీతంలో కొద్ది భాగమే వాళ్లకు ఇచ్చేవారు. రెండవ ప్రపంచయుద్ధంలో 6 వేలకు పైగా భారతీయ నావికులు చనిపోయారు. జలాంతర్గామి కొట్టే దెబ్బ ఇంజను గది మీద పడుతుంది, అక్కడ ఉండేది వాళ్లే. జర్మన్ కమాండరు దినచర్యలో అది 'ఒక చమురు ఓడ, ఇన్ని టన్నులు'. 'కార్బిస్'లో చచ్చిపోయినవాళ్లు ఎవరు, ఏ ఊరివాళ్లు అన్నది యు-180 ప్రయాణాన్ని రాసే ప్రతి రచయితా వేసుకోవలసిన మొదటి ప్రశ్న.

5

ఇప్పుడు మన మెట్టకు వద్దాం. ఆ సముద్రయుద్ధం ఇక్కడికి రాలేదా? వచ్చింది, వేరే పేరుతో వచ్చింది. దాని పేరు 'కంట్రోలు'. 1942 మార్చిలో రంగూన్ పడిపోవడంతో బర్మా బియ్యం, బర్మా చమురు ఆగిపోయాయి. ఉన్న ఓడలు యుద్ధానికి పోయాయి, కొన్ని సముద్రం పాలయ్యాయి. బియ్యానికీ, కిరసనాయిలుకూ, బట్టకూ కరువు వచ్చింది. 1943లో బెంగాలు కరువులో దాదాపు 30 లక్షలమంది చచ్చిపోతుంటే, తిండిగింజలు పంపడానికి ఓడలు లేవని లండన్ ప్రభుత్వం చెప్పింది. ఓడలు తక్కువన్నది నిజమే; ఉన్న ఓడలు ఎవరి అవసరానికి ముందు నడవాలన్నది మాత్రం సముద్రం నిర్ణయించలేదు, సామ్రాజ్యం నిర్ణయించింది. గిద్దలూరు వైపు పల్లెలో దీపం పెట్టకుండా పడుకున్న రాత్రికీ, అట్లాంటిక్‌లో మునిగిన చమురు ఓడకూ మధ్య ఉన్న దారి ఇది. ఈ దారిని చూపగల నవల మనకు ఇంకా రావాలి.

దానికి కావలసిన సామగ్రి ఎక్కడుంది? ఈ ప్రాంతం 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడేదాకా కర్నూలు జిల్లాలో భాగం, అంతకుముందు మద్రాసు రాష్ట్రంలో భాగం. కాబట్టి యుద్ధకాలపు కాగితాలు ఒంగోలులో వెతికితే చాలదు. కర్నూలు జిల్లా రికార్డులు, చెన్నై ఎగ్మూరులోని పాత దస్తావేజుల భాండాగారం చూడాలి. అక్కడ దొరికేవి పాలకుల కాగితాలే: ధాన్యం ధరలు, సరఫరా ఉత్తర్వులు, సైన్యంలో చేర్పించిన లెక్కలు. టాంబాఖ్ కోట కాగితాలను ఎలా చదవాలో, వీటినీ అలాగే చదవాలి. ఎవరు రాశారు, ఎవరికోసం రాశారు, ఏమి రాయలేదు అని అడుగుతూ చదవాలి.

రెండవది నోటిమాట. 1943లో పదేళ్ల వయసున్నవాళ్లు ఇప్పుడు తొంభై దాటారు. వాళ్లలో మిగిలినవాళ్లు బహు కొద్దిమంది. కాని కంట్రోలు రోజుల్లో మా అమ్మ ఏమి వండింది, మా నాయన పట్టాళంలో చేరి ఎక్కడికి పోయాడు, మా పెదనాయన బర్మానుంచి ఎలా తిరిగి వచ్చాడు అని విన్నవాళ్లు ఇంకా ఉన్నారు. సైన్యంలో పనిచేసి వచ్చిన కుటుంబాలు ఈ వైపు ఊళ్లలో తక్కువేమీ కాదు. ఆ ఇళ్లలో పెట్టె అడుగున పడివున్న పింఛను కాగితం, పతకం, పాత ఉత్తరం కూడా ఆధారాలే. యు-869ని తేల్చింది ఒక రేకుముక్క అన్నది మరచిపోవద్దు. అయితే నోటిమాట అయినంతమాత్రాన అది పరమసత్యం కాదు. కమాండరు తన టన్నులను పెంచుకున్నట్టే తాత కూడా తన సాహసాన్ని పెంచి చెప్పవచ్చు. కాగితాన్ని నోటిమాటతో, నోటిమాటను కాగితంతో సరిచూడాలి. పేదవాడి మాట కాబట్టి పరీక్షించకుండా వదిలేయడం పేదవాడి మీద గౌరవం అనిపించుకోదు.

మూడవది మన కళ్లెదుటి చరిత్ర. మార్కాపురం పలక దేశం నలుమూలలా పిల్లల చేతికి అక్షరం ఇచ్చింది. ఆ పలకను గనిలోంచి తీసినవాడి, చీల్చినవాడి, చట్రం బిగించిన ఆడమనిషి చరిత్ర ఏ దినచర్యలో ఉంది? ఎన్ని పలకలు ఎగుమతి అయ్యాయో వ్యాపారి ఖాతాలో ఉంటుంది. అది టన్నుల లెక్కే. ప్లాస్టిక్ పలకలూ, నోటు పుస్తకాలూ వచ్చి ఆ పని సన్నగిల్లినప్పుడు ఎవరు ఎటు వలసపోయారన్నది ఏ ఖాతాలోనూ ఉండదు. పరిశ్రమ గురించి వ్యాసం రాసే విద్యార్థి ఎగుమతి లెక్కలతో మొదలుపెట్టి ఎగుమతి లెక్కలతో ముగిస్తే, అతను జలాంతర్గామి కథకుడి తమ్ముడే. ఒకడు ముంచిన ఓడలు లెక్కపెట్టాడు, ఒకడు పంపిన పలకలు లెక్కపెట్టాడు. మనిషి ఇద్దరికీ తగలలేదు.

కొందరు మిత్రులు అడగవచ్చు: ఇదంతా చరిత్రకారుల పని కదా, రచయితకెందుకు? చరిత్రకారుడు ఆధారం లేనిచోట ఆగిపోవాలి. తిలావాలో రెండవ టార్పెడో తగిలే ముందు తిరిగి ఓడ ఎక్కిన మనిషి ఎందుకు ఎక్కాడు, ఏ మూట కోసం, ఏ బిడ్డకోసం ఎక్కాడన్నది ఆధారం చెప్పదు. అక్కడ రచయిత పని మొదలవుతుంది. కాని ఆధారం ఉన్నంతమేర నడిచివచ్చినవాడికే ఆ చోట అడుగుపెట్టే హక్కు. ఓడ ఏ రోజు బయలుదేరిందో, అందులో ఎవరున్నారో, ఎవరి టార్పెడో తగిలిందో తెలుసుకోకుండా రాసిన కన్నీరు కూడా ఒక రకం ఉత్కంఠే, దాన్నీ అమ్ముకోవచ్చు.

ఐ-29 కూడా మిగల్లేదు. 1944 జూలై 26న ఫిలిప్పీన్స్‌కు ఉత్తరాన అమెరికన్ జలాంతర్గామి సాఫిష్ దాన్ని ముంచింది. యు-180 ఆ ఆగస్టులోనే బిస్కే అఖాతంలో తన మనుషులందరితోనూ కనిపించకుండా పోయింది. ఆ రెండు బోట్ల పుట్టుక, చావు, వేగం, లోతు అన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. రాయడానికి అందులో కొత్తగా మిగిలింది తక్కువ. రాయవలసిన చరిత్ర మునిగినవాళ్ల వైపు మిగిలివుంది. ఈ ప్రాంతపు కళాశాలల్లో సాహిత్యం చదివే విద్యార్థులు ఒక్కొక్కరు ఒక్కొక్క ఊరు తీసుకుని యుద్ధకాలపు జ్ఞాపకాలు సేకరించి, తేదీలతో సరిచూసి రాస్తే, అచ్చువేయడం పత్రికల కర్తవ్యం. ఆ పని ఈ ఏడాదే మొదలుకావాలి. చెప్పేవాళ్లు ఏటేటా తగ్గిపోతున్నారు.